నా పేరు చెప్పండి

రాజమండ్రిలో ఎవరైనా చీరలు కొనడానికి తాడితోట బయల్దేరుతున్నారని తెలిస్తే చాలు, వీధిలో ఎవరో ఒకావిడ ఫలానా కొట్టుకి వెళ్ళమంటారు. "అక్కడికెళ్ళి నా పేరు చెప్పండి, రేటు చూసి ఇస్తాడు" అని కూడా అంటారు. కొట్టాయనకి ఆవిడ పేరు ఎంతవరకూ గుర్తుంటుందో గానీ, ఆ మాట అన్నాక చీర బాగోగులు కొంత ఆవిడ మీద కూడా పడతాయి. మొదటి ఉతుకులో రంగు దిగిపోతే కొట్టాయన దాకా ఎవరూ వెళ్ళరు, ముందు ఆవిడ గుమ్మంలోకే వస్తారు. చీర బాగుంటే మాత్రం మళ్ళీ ఏదైనా కొనబోయే ముందు ఆవిణ్ణే అడుగుతారు.

అఫిలియేట్ వెబ్‌సైట్ అంటే ఏమిటని అడిగినవాళ్ళకి నేను ఈ సంగతే చెప్తుంటాను. ఒక వస్తువు గురించి మనకి తెలిసింది మన పేజీలో రాస్తాం. కొనదలుచుకున్నవాళ్ళు అమ్మేచోటికి వెళ్ళడానికి ఒక లింకు పెడతాం. ఆ లింకు తోకలో మన గుర్తు ఉంటుంది. అమెజాన్ ఇండియాదైతే మనం పెట్టుకున్న పేరు, దాని పక్కన ఒక అడ్డగీత, 21 అనే అంకె. చదివినవాళ్ళు దాన్ని నొక్కి వెళ్ళి కొంటే, వీళ్ళని పంపింది ఫలానావాళ్ళని ఆ గుర్తు చెప్తుంది. అమ్మినవాళ్ళు తమకి వచ్చినదాంట్లోంచి మనకి కొంత కమీషన్ ఇస్తారు, కొన్నవాళ్ళకి ధరలో తేడా ఉండదు. అమెరికాలో సీడీలమ్మే సీడీనౌ కంపెనీ 1994లోనే ఇలాంటి పద్ధతి పెట్టింది. అమెజాన్ పుస్తకాల అమ్మకం మొదలుపెట్టిన ఏడాదికి, 1996 జూలైలో, దాన్ని అందుకుంది. మన దేశంలోకి అమెజాన్ దుకాణం వచ్చింది 2013లో.

నాది వంటింటి సామాన్ల సైటు. గ్రైండర్లు, మిక్సీలు, పెనాలు, కుక్కర్లు, వాటి గురించి తెలుగులో రాస్తాను. కోడ్ రాయడం నాకు రాదు, ఇప్పటికీ రాదు. సైటు పెట్టడానికి దాని అవసరం పడలేదు, నడపడానికీ పడటం లేదు. ఈ మాట నాలాంటివాళ్ళకి గట్టిగా చెప్పాలని నాకు చాలా రోజులుగా ఉంది. ఎందుకంటే "నాకు కంప్యూటర్ రాదమ్మా, మనవల్ల ఏమవుతుంది" అని పక్కకి తప్పుకునేవాళ్ళు ఎవరో చూడండి. రోజూ పిండి రుబ్బి రుబ్బి ఏ రాయి ఎలా తిరుగుతుందో చప్పుడు విని చెప్పగలిగినవాళ్ళు. మిషన్ మీద జాకెట్లు కుట్టి ఇల్లు నడిపినవాళ్ళు. పొలంలో తైవాన్ స్ప్రేయర్ వీపున మోసి, దాని పట్టీ భుజానికి ఎక్కడ ఒరుసుకుంటుందో తెలిసినవాళ్ళు. వస్తువు తెలిసినవాళ్ళంతా ఇలా తప్పుకుంటే ఆ చోట్లో వచ్చి కూర్చునేది వెబ్‌సైటు మాత్రమే తెలిసినవాళ్ళు. కంపెనీవాళ్ళు పెట్టె మీద అచ్చువేసిన మాటల్ని తిరగరాసి, లేదా ఇంగ్లీషు పేజీని యంత్రం చేత తెలుగు చేయించి, కింద లింకు పెడతారు. తెలుగులో వెతికే అమ్మాయికి దొరికేది అదే. "శక్తివంతమైన మోటారుతో అద్భుతమైన పనితీరు" అని చదివితే ఆ అమ్మాయికి ఏం తెలుస్తుంది, ఆ మోటారు గారెల పిండి గట్టిగా పడితే ఆగిపోతుందో లేదో?

సాంకేతికమని భయపెట్టే భాగం ఎంతుందో చెప్తాను. ఒక డొమైన్ కొనుక్కోవాలి, అంటే మన సైటు పేరు. ఏడాదికోసారి డబ్బు కట్టి దాన్ని నిలుపుకోవాలి. మన పేజీలు ఇరవైనాలుగ్గంటలూ తెరిచి ఉండే కంప్యూటర్లో కొంత చోటు అద్దెకి తీసుకోవాలి, దాన్ని హోస్టింగ్ అంటారు. రెండూ కలిపి అమ్మే కంపెనీలున్నాయి. మొదటి ఏడాది చవగ్గా ఇచ్చి రెండో ఏడాది రేటు పెంచడం వాళ్ళలో చాలామందికి అలవాటు కాబట్టి, పెద్దక్షరాల్లో ఉన్న ధర పక్కన చిన్నక్షరాల్లో ఉన్న రెన్యువల్ ధర చూసి కొనాలి. ఆ తర్వాత వర్డ్‌ప్రెస్, అంటే పేజీలు రాసి పెట్టుకునే ప్రోగ్రాము. హోస్టింగ్ కంపెనీల పేజీలో దానికి ఒక బటన్ ఉంటుంది, నొక్కితే అదే ఎక్కుతుంది.

ఈ వర్డ్‌ప్రెస్ సంగతి తలుచుకుంటే నాకు చాలా కృతజ్ఞతగా ఉంటుంది. 2003 మే నెలలో మాట్ ములెన్‌వెగ్ అనే 19 ఏళ్ళ అమెరికా కుర్రాడు, ఇంగ్లండుకి చెందిన మైక్ లిటిల్ కలిసి, పట్టించుకునేవాళ్ళు లేక ఆగిపోయిన బీ2 అనే ప్రోగ్రాముని తీసుకుని బాగుచేసి ఈ పేరుతో వదిలారు. ఎవరైనా తీసుకోవచ్చు, వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పైసా కట్టక్కర్లేదు. ఇవాళ ప్రపంచంలోని వెబ్‌సైట్లలో నూటికి 40కి పైగా దాని మీదే నడుస్తున్నాయి. 2018 డిసెంబరు నుంచీ అందులో పేరా ఒక ముక్క, ఫొటో ఒక ముక్క, పట్టిక ఒక ముక్క. ఏది ఎక్కడుండాలో పట్టుకుని పైకీ కిందకీ జరుపుకోవడమే. ఎక్కడెక్కడివాళ్ళో కూర్చుని చేసిన ఇంత పని, రాజమండ్రిలో నా వంటింటి పక్కగదిలోకి ఉచితంగా వచ్చి పడింది.

మా మేనల్లుడికి ఇలాంటివి తెలుసు. "నువ్వు రాసింది నాకు పంపు అత్తా, సైటంతా నేను చేసి పెట్టేస్తాను" అన్నాడు.

"చేసి పెట్టకు నాన్నా, పక్కన కూర్చుని ఎక్కడ నొక్కాలో చెప్పు చాలు" అన్నాను.

వాడి మీద నమ్మకం లేక కాదు. వాడు చేసి పెడితే రేపు ఒక అక్షరం దిద్దాలన్నా వాడికే ఫోన్ చెయ్యాలి. వాడికి ఉద్యోగం ఉంది, రేపు పెళ్ళవుతుంది. మనకి రాదని సైటు మొత్తం వేరేవాళ్ళ చేతిలో పెట్టేవాళ్ళు ఒక్క విషయంలో మాత్రం పట్టు విడవకూడదు. డొమైన్ మన పేరు మీద, మన ఈమెయిల్ మీద ఉండాలి, పాస్‌వర్డ్ మన దగ్గర ఉండాలి. సైటు కట్టిచ్చినవాళ్ళ పేరు మీద ఉంటే, వాళ్ళతో మాట తేడా వచ్చిన రోజున మనం రాసిందంతా వాళ్ళ చేతిలో ఉండిపోతుంది.

తెలుగులో రాసేవాళ్ళకి మాత్రం ఇంగ్లీషు పుస్తకాల్లో కనపడని రెండు చిక్కులున్నాయి. వాటి గురించి కొంచెం వివరంగా చెప్పాలి.

ఒకటి పేజీ చిరునామా. మనం శీర్షిక తెలుగులో పెడితే వర్డ్‌ప్రెస్ ఆ శీర్షికనే చిరునామాగా కూడా పెట్టేస్తుంది. అయితే ఇంటర్నెట్ చిరునామాలో తెలుగక్షరం తిన్నగా వెళ్ళదు. హల్లు, గుణింతపు గుర్తు, పొల్లు, సున్న, ఇలా విడదీసిన ప్రతి ముక్కా శాతం గుర్తులూ ఇంగ్లీషక్షరాలూ అంకెలూ కలిసిన తొమ్మిది గుర్తుల వరసగా మారుతుంది. "ప్పు" అని మనం ఒక్క అక్షరంగా రాసేదాంట్లో నాలుగు ముక్కలున్నాయి, అంటే 36 గుర్తులు. వర్డ్‌ప్రెస్ చిరునామాకి కేటాయించిన చోటు 200 గుర్తులు. "మినప్పప్పు గ్రైండర్‌లో ఎందుకు ఒదుగుతుంది" అని శీర్షిక పెడితే మూడో మాట పూర్తవకుండానే చోటు అయిపోయి చిరునామా తెగిపోతుంది. ఆ చిరునామాని వాట్సాప్‌లో ఎవరికైనా పంపితే నాలుగు వరసల పిచ్చిగీతల్లా కనిపిస్తుంది, చూసినవాళ్ళు ఏదో మోసపు లింకని నొక్కరు. మందు తేలికే. శీర్షిక తెలుగులోనే ఉంచి, చిరునామా గడిలో మాత్రం "మినప పిండి" అన్న రెండు మాటల్నీ ఇంగ్లీషక్షరాల్లో రాసి మధ్యలో అడ్డగీత పెడితే సరిపోతుంది. పేజీ పదిమందికీ చేరకముందే ఆ పని చెయ్యాలి. తర్వాత మారిస్తే పాత చిరునామా దాచుకున్నవాళ్ళు ఇబ్బంది పడొచ్చు.

రెండోది వరసల మధ్య ఖాళీ. వర్డ్‌ప్రెస్ సైటుకి రూపం ఇచ్చేవాటిని థీములంటారు, అవి చాలావరకు ఇంగ్లీషక్షరాలని చూసుకుని చేసినవి. ఆ అక్షరాలకి వత్తులుండవు. "సూర్యాస్త్రం", "రాష్ట్రం" లాంటి మాటలు కింది వరస మీదకి దిగుతాయి, కింది వరసలోని గుడులూ ఏత్వాలూ వాటికి వెళ్ళి తగులుతాయి. ఫోన్లో చదివే పెద్దవాళ్ళకి కళ్ళు లాగుతాయి, కారణం తెలీక పేజీ మూసేస్తారు. వరస ఎత్తుని అక్షరం కొలతకి ఒకటీ ముప్పావు, దాదాపు రెండింతల దాకా పెంచాలి. థీము సెట్టింగుల్లో ఆ గడి ఉంటుంది. చాలామంది పట్టించుకోని విషయమిది, నాకు మాత్రం చాలా ముఖ్యం. నిదానంగా చదువుకోనివ్వని పేజీలో ఎంత మంచి సంగతి ఉంటే ఏం లాభం?

ఇక రాయడం. నా సైటులో అన్నిటికంటే నేను కష్టపడ్డ పేజీ వెట్ గ్రైండర్ల గురించి. కోయంబత్తూరు గ్రైండర్‌కి భౌగోళిక గుర్తింపు కూడా ఉందని చాలామందికి తెలీదు, అక్కడి పనివాళ్ళకి ఆ గౌరవం దక్కాల్సిందే. గ్రైండరా, మిక్సీయా అని నన్ను అడిగేవాళ్ళే ఎక్కువ. మిక్సీ బ్లేడు నిమిషానికి వేల చుట్లు తిరిగి పప్పుని కోస్తుంది, ఆ వేగానికి పిండి వేడెక్కుతుంది. గ్రైండర్లో రాయి నెమ్మదిగా దొర్లుతూ పప్పుని నలుపుతుంది, నలుపుతూ గాలిని లోపలికి మడుస్తుంది. అందుకే అదే గ్లాసు మినప్పప్పు గ్రైండర్లో వేస్తే ఎక్కువ ఒదుగుతుంది. అయిందో లేదో చూడటానికి మా అమ్మ చేసిన పనే నేనూ చేస్తాను. గిన్నెలో నీళ్ళు పోసి చిటికెడు పిండి అందులో వేస్తాను. మునిగితే ఇంకా రుబ్బాలి, తేలితే గారెలు గుల్లగా వస్తాయి. ఆ తేలిన ముద్ద ఫొటో నా పేజీలో పెట్టాను. అమ్మేవాళ్ళ పేజీలోని బొమ్మలు మనం తీసుకుని పెట్టకూడదు, అవి వాళ్ళవి. కిటికీ దగ్గర వెలుతురులో ఫోనుతో తీసిన ఫొటో చాలు.

ఆ పేజీలో ఇంకేం రాశానంటే, రెండు లీటర్ల గ్రైండరంటే రెండు లీటర్ల పప్పు పట్టేది కాదని, అది డ్రమ్ము కొలత అని. కొత్త రాయితో మొదట రుబ్బితే బూడిదరంగు నీళ్ళు వస్తాయి, అవి తెల్లబడేదాకా కాసిని పాత బియ్యం రుబ్బి పారబోయాలని. ఒంచి పిండి తీసే రకమా, డ్రమ్ము ఎత్తి తీసే రకమా అన్నది అన్నిటికంటే ముందు చూసుకోవాలని, ఎందుకంటే రాయి డ్రమ్ము బరువు, నడుం నొప్పి ఉన్నవాళ్ళు దాన్ని ఎత్తి కడగలేక నాలుగు నెలల్లో అటకెక్కిస్తారని. బెల్టు అరిగితే మార్చేవాళ్ళు మన ఊళ్ళో ఉన్నారో లేదో కొనకముందే కనుక్కోమని. వాట్ల లెక్క చివర్లో రాశాను.

ఇద్దరే ఉండి, వారానికోసారి ఇడ్లీ వేసుకునే ఇంటికి గ్రైండర్ అక్కర్లేదు, ఉన్న మిక్సీలో చల్లటి నీళ్ళు పోసి ఆపి ఆపి తిప్పితే సరిపోతుంది అని కూడా ఆ పేజీలోనే, పైభాగంలోనే రాశాను. ఆ మాట చదివి కొనడం మానేసినవాళ్ళ మీద నాకు రూపాయి రాదు. అయినా ఆ మాట తీసేస్తే మిగతా పేజీలో నేను రాసిన ఏ ఒక్క మాటకీ విలువ ఉండదని నా నమ్మకం. తాడితోట కొట్టు పేరు చెప్పిన ఆవిడ, "ఈసారి వాడి దగ్గర స్టాకు బాలేదు, వెళ్ళకండి" అని కూడా అన్న రోజున మనం ఆవిణ్ణి ఎక్కువ నమ్ముతాం కదా.

కమీషన్ సంగతి దాచకూడదు. అమెజాన్ తన ఒప్పందంలోనే ఆ మాట సైటులో రాయాలని షరతు పెడుతుంది. మన దేశంలో అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ 2021లో ఇంటర్నెట్‌లో సిఫార్సులు చేసేవాళ్ళకి నియమాలు తెచ్చింది. 2022లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ తప్పుదారి పట్టించే ప్రకటనల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. 2019 నాటి చట్టం కింద జరిమానా మొదటిసారికి 10 లక్షల దాకా, మళ్ళీ చేస్తే 50 లక్షల దాకా వెయ్యొచ్చు. చట్టం లేకపోయినా నేను రాసేదాన్నే. "ఈ పేజీలోని లింకు నొక్కి మీరు కొంటే నాకు కమీషన్ వస్తుంది. మీరు కట్టే ధర పెరగదు" అని ప్రతి పేజీలోనూ మొదటి పేరాకి ముందే, మామూలు అక్షరాల్లోనే ఉంటుంది. పేజీ అట్టడుగున బూడిదరంగులో సన్నగా రాసిన సైట్లు చూస్తే నాకు బాధనిపిస్తుంది. మనవాళ్ళకి కమీషన్ కొత్త కాదు. ఇల్లు చూపించినాయనకి ఇస్తారు, సంబంధం కుదిర్చినాయనకి ఇస్తారు. కష్టపడినదానికి పుచ్చుకుంటే ఎవరూ తప్పు పట్టరు. చెప్పకుండా పుచ్చుకున్నాడని తర్వాత తెలిస్తేనే వాళ్ళ మనసు విరిగేది.

డబ్బు విషయం కూడా ఉన్నదున్నట్టు చెప్పాలి. "ఏ నైపుణ్యం అక్కర్లేదు, నెలకి లక్ష" అంటూ కోర్సులమ్మేవాళ్ళు ఫోన్ తెరిస్తే కనిపిస్తున్నారు. ఇంటిపట్టున ఉండే ఆడవాళ్ళు, ఉద్యోగం దొరకని పిల్లలు ఆ మాటలు నమ్మి ఫీజులు కడుతున్నారు. ఆ కోర్సులమ్మేవాళ్ళని చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది. లెక్క ఇలా ఉంటుంది. ఒక్కో రకం సరుక్కి ఒక్కో రేటు. అమెజాన్‌లోనైతే లింకు నొక్కినవాళ్ళు 24 గంటల్లోపు కొనాలి, ఆలోపు బుట్టలో వేసుకుంటే గడువు పెరుగుతుంది. మన ఇళ్ళలో గ్రైండర్ లాంటిది అదే రోజు ఎవరు కొంటారు? ఆయన్ని అడగాలి, అత్తగారి మాట వినాలి, ఒకటో తారీఖు రావాలి. ఈలోపు మన గుర్తు చెరిగిపోతుంది. కొన్నాక తిప్పి పంపేస్తే కమీషన్ రద్దు. మిగిలింది నెల ముగిశాక మరో రెండు నెలలకి బ్యాంకులో పడుతుంది, పాన్ కార్డు ఇవ్వాలి, పన్ను కోత ఉంటుంది. చేరిన 180 రోజుల్లో కనీసం మూడు అమ్మకాలు జరగకపోతే ఖాతా మూసేస్తారు, మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవాలి. మన లింకు మీద మనం కొనుక్కున్నవి లెక్కలోకి రావు. ధర కూడా మన చేత్తో రాయకూడదు, పండగ సేల్‌లో పొద్దున ఉన్న రేటు సాయంత్రానికి ఉండదు. "ధర అక్కడే చూడండి" అనే రాయాలి.

అందుకని లింకు పెట్టడానికి తొందరపడక్కర్లేదని నేను అందరికీ చెప్తాను. ముందు ఒక పది పేజీలు, ఎవరూ కొనకపోయినా చదివినవాళ్ళకి పనికొచ్చేవి రాసుకోవాలి. ఆ తర్వాత ఖాతాకి దరఖాస్తు చేస్తే ఆ 180 రోజులు వృథాగా పోవు.

వాడి చూసినవాళ్ళే రాయాలని గూగుల్ కూడా ఇప్పుడు అడుగుతోంది. పేజీల నాణ్యతని బేరీజు వేసేవాళ్ళకి అది ఇచ్చే మార్గదర్శకాల్లో, రాసినవాళ్ళ నైపుణ్యం, పేరు ప్రతిష్ఠ, నమ్మకం అని ఉన్న మూడింటికీ 2022 డిసెంబరులో 'అనుభవం' అన్నదాన్ని చేర్చింది. అంటే ఆ వస్తువుని రాసినవాళ్ళు తామే వాడారా అని. ఈ మధ్య వెతికినదానికి జవాబుని గూగులే పైన రాసి చూపిస్తోంది, కింద ఉన్న లింకుల దాకా వచ్చేవాళ్ళు దాంతో తగ్గుతారు. చిన్న సైట్లకి అది దెబ్బే. కానీ ఆ జవాబు కూడా ఎవరో ఒకరు రాసినదాంట్లోంచే రావాలి. మినప్పిండి నీళ్ళలో తేలడం చూసినవాళ్ళు తెలుగులో రాయకపోతే, తెలుగులో అడిగిన పిల్లకి ఏ యంత్రమైనా ఏం చెప్తుంది?

రాయడానికి టైపింగ్ రాకపోయినా ఇబ్బంది లేదు. ఫోన్లో మైకు గుర్తు నొక్కి మాట్లాడితే తెలుగులో పడుతుంది. నేను చాలామటుకు అలాగే చెప్పి, తర్వాత కూర్చుని తప్పులు దిద్దుకుంటాను. మాట్లాడి రాసినదాంట్లో ఇంకో లాభం ఉంది, పక్కింటావిడకి చెప్పినట్టే వస్తుంది. "ఉపయోగించవలెను" అని నోటితో ఎవరమూ అనం కదా.

కుట్టు మిషన్ల గురించి రాయగలిగిన ఒకావిణ్ణి ఇప్పుడు పట్టుకుని ఒప్పిస్తున్నాను. మిషన్‌కి మోటారు పెట్టించుకుంటే దారం ఎందుకు తెగుతుందో, ఏ సూది ఏ గుడ్డకి సరిపోతుందో ఆవిడ చెప్పినంత తేటగా నేను ఎక్కడా చదవలేదు. "నాకు ఇంగ్లీషు రాదండీ" అంటారు. రాయాల్సింది తెలుగులో అని చెప్పాను. "నాకు కంప్యూటర్ లేదండీ" అన్నారు. ఫోన్ ఉంది కదా అన్నాను. వచ్చే ఆదివారం మా ఇంటికి వస్తానన్నారు. ముందు డొమైన్ ఆవిడ పేరు మీదే తీసుకుంటాం.

నా సైటులో ఇప్పుడు రాస్తున్నది పోత ఇనప పెనాల పేజీ. కొత్త పెనానికి నూనె రాసి, కాల్చి, సగం కోసిన ఉల్లిపాయతో రుద్ది, అట్టు అంచు దానంతటదే లేచేదాకా ఎలా తేవాలో రాయాలి. ఆన్‌లైన్‌లో దొరికేవాటిలో రెండు బాగున్నాయి, వాటికి లింకులిస్తాను. అంతకంటే మందంగా, చవగ్గా దొరికేవి మాత్రం సంతలో నేల మీద పరుచుకుని అమ్ముతారు. ఎత్తి చూసుకుని, వేలితో కొట్టి చప్పుడు విని కొనాలి, బీటలుంటే బొంగురుగా పలుకుతుంది. ఆ సంగతి పేజీలో మొదటే రాస్తున్నాను.